రెండు పళ్ల కోడె

మా అక్క వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంది, కొడుక్కి అమెరికాలో ఇంటర్న్‌షిప్ దొరకాలని. రాజన్న ఎన్నెన్నో కోరికలు విని ఉంటాడు. సంతానం కావాలని, పంట పండాలని, కోర్టు కేసు కొట్టుడుపోవాలని. ఇంటర్న్‌షిప్ అన్న మాటను దండం పెట్టుకుంటూ పలికిన మొదటి తరం తల్లుల్లో మా అక్క ఒకతి. తను 'ఇంటర్‌షిప్పు' అనేది. దేవుడికి అర్థమైతే చాలు కదా.

అదే చలికాలంలో, 2017 చివర, ఆ కొడుకు ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్ అనే ఊళ్లో వేరే కోడెను పట్టుకుని ఉన్నాడు. ఆ కోడె పేరు ట్రే యంగ్. వయసు 19. ఓక్లహోమా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో ఫస్టియర్ పిల్లవాడు, ఆడేది పాయింట్ గార్డ్‌గా.

మా మేనల్లుడికి అప్పటిదాకా బాస్కెట్‌బాల్ తెలియదు. వరంగల్ దగ్గర మా మడికొండలో పుట్టి పెరిగినవాడు. మా పొలాలు ప్లాట్లయి హద్దురాళ్లు పాతినప్పుడు, ఆ రాళ్లనే వికెట్లుగా పెట్టుకుని క్రికెట్ ఆడినవాడు. ఇంటర్ చదివిన కాలేజీ ఆవరణలో బాస్కెట్‌బాల్ బుట్ట ఒకటి ఉండేదట. బంతి మాత్రం లేదు. కాలేజీ బ్రోచర్‌లో ఫొటోకు బుట్ట చాలు. అలాంటివాడు నార్మన్‌లో దిగిన నాలుగో నెలలో నాకు ఫోన్ చేసి, "మామా, మా ఊరి పిల్లగాడు దున్నేస్తుండు" అన్నాడు.

ఏ ఊరు, ఏ పిల్లగాడు అని అడిగాను. మా ఊరంటే నార్మన్. నాలుగు నెలల్లో ఊరు మారిపోయింది! పిల్లగాడు మాత్రం నిజంగానే ఆ ఊరివాడు. అక్కడే పెరిగాడు, అక్కడి హైస్కూల్లోనే ఆడాడు, కాన్సాస్ లాంటి పేరున్న జట్లు పిలిచినా పోకుండా ఇంటి పక్క యూనివర్సిటీలోనే చేరాడు. అంతకు ముందు ఏడాది ఆ జట్టు 31 ఆటలాడి 20 ఓడింది. ఈ పిల్లవాడు వచ్చాక మొదటి 16 ఆటల్లో 14 గెలిచింది. సీజన్‌కు ముందు దేశంలోని మొదటి పాతిక జట్లలో కూడా దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. జనవరికల్లా నాలుగో స్థానానికి వచ్చింది. డిసెంబర్ 19న ఒక్క ఆటలో 22 అసిస్టులిచ్చి, అంటే 22 సార్లు తోటివాడి చేత బుట్టలో వేయించి, ఆ స్థాయి కాలేజీ ఆటలో అప్పటిదాకా ఉన్న రికార్డును అందుకున్నాడు.

నార్మన్‌లో రాత్రి తొమ్మిదైతే మడికొండలో పొద్దున ఎనిమిదిన్నర. ఆట అయిపోగానే ఫోన్ వచ్చేది. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తెలియని ఆటలో తెలియని పిల్లవాడి ప్రతాపం వినేవాణ్ని. వినగా వినగా నాకూ కొంత తెలిసొచ్చింది.

పాయింట్ గార్డ్‌కు తెలుగులో మాట లేదు. బుట్టలో వేసేవాళ్లు వేరే ఉంటారు, బుట్ట కింద కాపలా కాసే పొడుగువాళ్లు వేరే ఉంటారు. వీడి పని బంతిని తమ సగం నుంచి ఎదుటి సగంలోకి నడిపించుకు రావడం. కాలేజీ ఆటలో దానికి పది సెకన్లు, మొత్తం ముప్ఫై సెకన్లలో బుట్ట వైపు వేసేయాలి. ఆ ముప్ఫై సెకన్లలో ఎవరు ఎటు పోవాలో వేళ్లతో చూపించాలి, తన మీదికి వచ్చేవాణ్ని తప్పించుకోవాలి, నలుగురిలో ఎవడి చెయ్యి ఖాళీగా ఉందో చూపు తిప్పకుండా కనిపెట్టాలి. మా దగ్గర 'బంతి' అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. కల్లంలో వరి పరిచి, పశువుల్ని ఒక వరుసలో కట్టి, నడిమి గుంజ చుట్టూ తిప్పి తొక్కించేవాళ్లు. దాన్ని బంతి కొట్టుడు అనేవాళ్లు. ఆ వరుసలో ఏ పశువు ఎక్కడ ఉండాలో తోలేవాడికి తెలియాలి. గుంజ దగ్గరది మెల్లగా తిరుగుతుంది, చివరిది పరుగెత్తాలి. పాయింట్ గార్డ్ వరుసలో చివర పరుగెత్తే పశువు, వరుసను తోలే మనిషి, రెండూ తనే. ఆ పని అనుభవం మీద వస్తుంది. దాన్ని ఫస్టియర్ పిల్లవాడికి అప్పగించి, వేల మంది చుట్టూ కూర్చుని చూస్తారు.

2018 ఫిబ్రవరి మొదట్లో మేడారం జాతర. మా రోడ్డు మీద బస్సులు, కార్లు, ట్రాక్టర్లు చీమల బారులా. ఆ గోలలోనే మేనల్లుడి ఫోన్, ఓడిపోయామని. తర్వాత ఇంకోటి ఓడారు, మళ్లీ ఇంకోటి. ఫిబ్రవరి 13న శివరాత్రి. మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర జాగారం చేసి, తెల్లారి మెట్లు దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి కళ్లు మూతలు పడుతుండగా ఫోన్ మోగింది. టెక్సస్‌లోని లబ్బక్‌లో ఓడారు. వరుసగా నాలుగోది. ఆ పిల్లవాడు పుట్టింది లబ్బక్‌లోనే. వాళ్ల నాన్న ఒకప్పుడు ఆడింది కూడా అదే టెక్సస్ టెక్ జట్టుకు.

"వాడు బంతి ఎవ్వనికి ఇయ్యడు మామా. అన్నీ తనే ఎయ్యాలంటడు" అన్నాడు మేనల్లుడు. గొంతులో కోపం.

ఆ సీజన్ ముగిసేసరికి ఆటకు సగటున 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులు. రెండింట్లోనూ దేశంలో మొదటివాడు. అంతకు ముందు ఏ ఆటగాడూ ఒకే సీజన్‌లో రెండింటినీ అందుకోలేదు. అందరికన్నా ఎక్కువగా బంతి ఇచ్చినవాడి మీదే బంతి ఇవ్వడన్న నింద! నేను ఆ మాట అనబోయాను. కానీ వాడి కోపం ఆట మీద కాదని నాకు తెలుస్తూనే ఉంది. అప్పటికి వాడు ఎన్నో కంపెనీలకు దరఖాస్తులు పెట్టాడు. ఎక్కడి నుంచీ జవాబు లేదు. "ఈసారి మావోడు మార్చి టోర్నీదాకా పోతడు, నాకు కూడా ఏదో ఒకటి వస్తది" అని జనవరిలో ఒకసారి నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నవే అసలు మొక్కులు.

వేములవాడ చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. అక్కడ మొక్కుకున్నవాళ్లు కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. టికెట్ తీసుకుంటే కోడె తాడు చేతికొస్తుంది. ఇంటిల్లిపాదీ వెనక నడుస్తారు. చిన్నపిల్లలు దాని వీపు మీద చెయ్యేసి కళ్లకద్దుకుంటారు. సంతానం మొక్కు, ఉద్యోగం మొక్కు, రోగం తగ్గాలన్న మొక్కు, అన్నింటికీ కోడె ఒకటే నడక. ఏ చుట్టులో తను ఎవరి కడుపుకోతను మోస్తున్నదో దానికి తెలియదు. తెలియకపోవడం దాని అదృష్టం. పంతొమ్మిదేళ్ల మనిషికి ఆ అదృష్టం లేదు. వాడికి ఫోన్ ఉంటుంది.

మా తాత వ్యవసాయదారుడు. ఇప్పుడు ఐటీ పార్కు అంటున్న వైపు కాదు, గుట్టకు అవతల వైపు ఉండేది మా చెలక. ఎడ్ల పళ్లు చూసి వయసు చెప్పేవాడు. రెండు పళ్లదంటే పాలపళ్లు పోయి ముందు జత వచ్చిందని అర్థం. ఒళ్లు పెరిగి ఉంటుంది, బలం ఉంటుంది, చూస్తే ఎద్దులాగే ఉంటుంది. కాడి మాత్రం తెలియదు. ఒకసారి ఇంట్లో పుట్టిన సుక్కకోడెను కాడి మరిపాలనుకున్నాడు. పక్కన ఎప్పటి నుంచో ఉన్న మైలెద్దును కట్టాడు. మొదటి రోజు నాగలి లేదు, ఉత్త కాడి. రెండో రోజు ఒక తేలిక మొద్దు. నాగలి కట్టింది వారం తర్వాతే అని గుర్తు. అది కూడా మెత్తటి ఇసుక నేలలో, పైపైన. కోడె పక్కకు గుంజినప్పుడల్లా మైలెద్దు కదలకుండా నిలబడేది. లాగేది కాదు, పోట్లాడేది కాదు. నిలబడేది, అంతే. కోడె తనంతట తనే మళ్లీ వరుసలోకి వచ్చేది.

నేను, మా బాబాయి కొడుకు, ఇంకో ఇద్దరు పిల్లలం చూద్దామని ఒడ్డు మీద కూర్చున్నాం. తాత మమ్మల్ని వెళ్లగొట్టాడు.

"కోడెను మరిపేనాడు చెలకల ముగ్గురే ఉండాలె. కోడె, ముసలెద్దు, నేను. పొండ్రి."

"మేం లొల్లి చెయ్యం తాతా. కోడె బెదరది" అన్నాను.

"నలుగురు చూస్తుంటే కోడె బెదరదురా. తోలెటోడు బెదురుతడు" అన్నాడు.

ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. ఒడ్డు మీద మనుషులుంటే తోలేవాడికి తన కోడె గొప్పతనం చూపించాలనిపిస్తుంది. ఒక చాలు ఎక్కువ దున్నిస్తాడు. తప్పు నడిస్తే నవ్వుతారని ములుగర్ర ఒకసారి ఎక్కువ తగిలిస్తాడు. కోడె మెడ మీద పుండు పడేది అక్కడే.

అమెరికాలో ఒకప్పుడు ఇలాంటి నియమమే ఉండేది. 1972 దాకా ఫస్టియర్ విద్యార్థి కాలేజీ అసలు జట్టులో ఆడకూడదు. వాళ్లకు వేరే జట్టు, వేరే ఆటలు. ఏడాది పాటు చదువు కుదురుకుని, ఊరు అలవాటై, ఒళ్లు నిండాక సెకండియర్‌లో పెద్ద జట్టులోకి. ఈ నియమాన్ని తలకిందులు చేసిన ముచ్చట కూడా ఒకటి ఉంది. తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్న లూ ఆల్సిండర్ 1965లో యూసీఎల్ఏలో ఫస్టియర్. అప్పటికి యూసీఎల్ఏ పెద్ద జట్టు వరుసగా రెండేళ్లు జాతీయ విజేత. కొత్త స్టేడియం తెరిచిన సందర్భంగా ఫస్టియర్ జట్టుకూ పెద్ద జట్టుకూ ఆట పెడితే 75-60తో పిల్లలే గెలిచారు. గెలిచినా సరే, ఆ ఏడాదంతా అతను పిల్లల జట్టులోనే ఆడాడు. రెండు పళ్లది రెండు పళ్లదే.

ఇప్పుడు అంతా తిరగబడింది. 2006 నుంచి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో చేరాలంటే 19 ఏళ్లు ఉండాలి, హైస్కూలు ముగిసి కనీసం ఏడాది కావాలి. కాబట్టి బాగా ఆడే పిల్లవాడు ఆ ఏడాది గడపడానికి కాలేజీకి వస్తాడు, ఆడతాడు, వెళ్లిపోతాడు. ఒకప్పుడు ఆడనివ్వని ఏడాదే ఇప్పుడు చాలామందికి ఆడే ఒకే ఒక్క ఏడాది. అభిమానికి వాడితో ఉన్న చుట్టరికం నవంబర్ నుంచి మార్చి దాకా. మన లెక్కలో ఒక యాసంగి. యాసంగిలోనే విత్తాలి, యాసంగిలోనే కోయాలి. తొందర ఉండదా మరి.

ఇంతవరకు మేనల్లుడి గురించి, అమెరికా వాళ్ల గురించి చెప్పాను. నా సంగతి కూడా చెప్పాలి.

హన్మకొండలో డిగ్రీ చదివే రోజులు. మడికొండ నుంచి కాజీపేట మీదుగా సైకిల్ మీద పోయేవాణ్ని. నేను డిగ్రీలో చేరింది డిగ్రీ మీద ప్రేమతో కాదు. ఎంసెట్ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ సీటు రాలేదు. మా క్లాసులో సగం మంది అలాంటివాళ్లమే. ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. ఒకే ఆస్పత్రిలో పక్క పక్క మంచాల మీది రోగుల్లా మర్యాదగా ఉండేవాళ్లం.

ఆ ఏడు మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోకి ఒక ఫస్టియర్ పిల్లవాడు వచ్చాడు. గురుకుల పాఠశాలలో నేర్చుకున్న ఆట. పొట్టివాడు, నల్లగా సన్నగా, తెల్ల కాన్వాస్ బూట్లు. పాయింట్ గార్డ్ అన్న పేరు మాకు తెలియదు, 'బంతి తెచ్చెటోడు' అనేవాళ్లం. సిమెంటు కోర్టు మీద వాడు బంతి కొడుతూ వస్తుంటే చప్పుడు ఒకే తాళంలో ఉండేది. సీనియర్లను దాటుకుని పోయేవాడు. రెండు వారాల్లో కాలేజీ అంతా వాడి పేరే. కోర్టు ఏ మూలనుందో తెలియని నేను కూడా సాయంత్రాలు అక్కడే.

అంతర్ కాలేజీల పోటీలో ఫైనల్‌కు చేరాం. ఎదుటి జట్టు ఒక ఇంజినీరింగ్ కాలేజీది. అంతే, అది బాస్కెట్‌బాల్ పోటీ కాకుండా పోయింది. ఆ రోజు మా గుంపులో ఎవరికీ ఆట నియమాలు పూర్తిగా తెలియవు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. అటు ఐదుగురు సీటు వచ్చినవాళ్లు, ఇటు ఐదుగురు రానివాళ్లు. ఆ పిల్లవాడు మా అందరి తరఫున ఎంసెట్ మళ్లీ రాస్తున్నాడు. పాపం, వాడికి ఆ సంగతి తెలియదు. వాడు ఎంసెట్ రాయనే లేదు, బీఏ చదువుతున్నాడు.

చివరి నిమిషంలో ఒక్క పాయింటు ఆధిక్యం మాది. బంతి వాడి చేతిలో. అటూ ఇటూ తిప్పుతూ కాలం గడిపితే చాలు. ఎదుటివాళ్లు ఇద్దరు మీదికొచ్చారు. వాడు మధ్యలోంచి దూరబోయాడు. రెండు వారాలుగా మేం చప్పట్లు కొట్టింది అలా దూరినప్పుడే మరి. బంతి చేజారింది. ఒకడు ఎత్తుకుపోయి బుట్టలో వేశాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

నేను లేచి అరిచాను. "నీకెవడిచ్చిండ్రా సీటు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సాయంత్రం కాజీపేట దాటుతుండగా తెలిసింది. రెండోసారి ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు మా ఇంట్లో, చుట్టాల ముందు, నన్ను అన్న మాట అది. 'నీకెవడిస్తడురా సీటు' అని. కాలం ఒక్కటే మార్చాను.

ఆ పిల్లవాడు మరునాడు కోర్టుకు రాలేదని రాస్తే కథ బాగుండేది. కానీ వచ్చాడు. అదే కాన్వాస్ బూట్లు, అదే తాళం. చూసేవాళ్లే లేరు. ఇంకో రెండేళ్లు ఆడాడు. రెండో ఏడాది కప్పు కూడా గెలిచారట. నేను ఆ ఆటకు పోలేదు, ఎక్కడో బ్యాంకు పరీక్ష రాస్తున్నాను.

అందుకే డెరిక్ రోజ్ కథ చదివినప్పుడు నాకు ఆటకన్నా చుట్టూ ఉన్నవాళ్ల మీదే కన్ను. 2007-08లో మెంఫిస్ యూనివర్సిటీకి ఫస్టియర్ పాయింట్ గార్డ్ అతను. ఏప్రిల్ 7న ఫైనల్‌కు వచ్చేసరికి ఆ జట్టు 39 ఆటల్లో ఒక్కటే ఓడింది. కాన్సాస్‌తో ఫైనల్. ఇంకా 10.8 సెకన్లు ఉందనగా రోజ్‌కు రెండు ఫ్రీ త్రోలు. మొదటిది పోయింది, రెండోది పడింది. ఆధిక్యం మూడు. 2.1 సెకన్లు మిగిలి ఉండగా మారియో చామర్స్ దూరం నుంచి మూడు పాయింట్ల బంతి వేసి సమం చేశాడు. అదనపు సమయంలో 75-68తో కాన్సాస్ గెలిచింది. ఆ చివరి నిమిషాల్లో మెంఫిస్ జట్టువి మరికొన్ని ఫ్రీ త్రోలు కూడా పోయాయి, అవి రోజ్‌వి కావు. జనం జ్ఞాపకంలో మిగిలింది మాత్రం ఫస్టియర్ పిల్లవాడి ఒక్క బంతి. తర్వాత అతని ప్రవేశ పరీక్ష వ్యవహారం మీద విచారణ జరిగి ఆ సీజన్ గెలుపులన్నీ మెంఫిస్ రికార్డుల నుంచి కొట్టేశారు. అది వేరే గొడవ.

ఆ ఏడే అతన్ని సొంత ఊరు షికాగో జట్టు మొదటి ఎంపికగా తీసుకుంది. జట్టు పేరు బుల్స్. నేను కల్పించలేదు! 2011లో, 22 ఏళ్లకే, ఎన్‌బీఏలో అత్యంత విలువైన ఆటగాడు. ఆ గౌరవం అంత చిన్న వయసులో ఎవరికీ రాలేదు. 2012 ఏప్రిల్ 28న మోకాలి లిగమెంట్ తెగింది. మరుసటి ఏడాది మార్చికల్లా ఆడవచ్చని డాక్టర్లు చెప్పారు. అతను ఆడలేదు. కాలు ఇంకా తనది అనిపించడం లేదు కాబోలు. నిన్నటిదాకా మా ఊరి బిడ్డ అన్న నోళ్లే పిరికివాడన్నాయి. వాళ్ల మోకాళ్లు బాగానే ఉన్నాయి. తిరిగి వచ్చిన కొద్ది వారాలకే, 2013 నవంబర్‌లో, రెండో మోకాలు దెబ్బతింది.

మన దగ్గర లేదా ఇది? ఆంధ్రతో రంజీ ఆటలో హైదరాబాద్ కుర్రాడు అంబటి రాయుడు 210, 159 నాటౌట్ కొట్టింది 2002 నవంబర్‌లో. వయసు 17. ఆ వారం నుంచే చాయ్ హోటళ్లలో తర్వాతి సచిన్ తయారయ్యాడు. భారత జట్టు తరఫున మొదటి వన్డే ఆడింది 2013 జులైలో, హరారేలో. ఆ రోజు కొట్టిన 63 నాటౌట్ ఏ కొత్త ఆటగాడికైనా గర్వకారణమే. మధ్యలోని పదేళ్ల పైచిలుకు కాలం అతను ఏం తిన్నాడు, ఎలా నిద్రపోయాడు అన్నది మనం ఎప్పుడూ అడగలేదు. మనకు సచిన్ బాకీ ఉన్నాడు, అంతవరకే.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఒక అమ్మాయి ఉంది. మా ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే, పర్వతగిరి మండలం కల్లెడ. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు పదిహేడేళ్ల వయసులో విలువిద్యలో వెళ్లిన వర్ధినేని ప్రణీత ఊరు అది. అదే ఊళ్లో మేధోపరమైన లోపంతో పుట్టిన జీవాంజి దీప్తి మీద ఎవరూ ఏ ఆశా పెట్టుకోలేదు. చిన్నప్పుడు వెక్కిరించారు కూడా. ఆ పిల్ల పరుగును కోచ్ నాగపురి రమేశ్ గుర్తించారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు, బంగారు పతకం. సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లు, కాంస్యం. ఆ రాత్రి మా కాలనీలో ఒకాయన అన్నమాట నాకు గుర్తుంది. "బంగారం వస్తుందనుకున్నాంగదా." అనుకున్నాం అట! ఐదు నెలల కింద ఆయనకు ఆ అమ్మాయి పేరు తెలియదు. నాకూ తెలియదనుకోండి.

ఏ ఆశా లేకుండా పెరగడం మంచిదని నేను అనడం లేదు. అది ఇంకా ఘోరం. గడ్డి వేసే దిక్కు లేని కోడెకు కాడి పుండు పడదు, నిజమే. మైలెద్దు ఉన్న కోడెకూ లేని కోడెకూ ఉన్న తేడా గురించే నా ఆలోచన. దీప్తికి పక్కన నిలబడ్డ మనిషి ఒకరు దొరికారు. ఒడ్డు మీది జనం ఆలస్యంగా వచ్చారు.

2018 మార్చిలో ఓక్లహోమా జాతీయ టోర్నీలో మొదటి ఆటలోనే ఓడిపోయింది. రోడ్ ఐలండ్ చేతిలో, అదనపు సమయంలో, 83-78. మొత్తం లెక్క 18 గెలుపులు, 14 ఓటములు. కొద్ది రోజులకే ట్రే యంగ్ కాలేజీ వదిలి ఎన్‌బీఏకు పోతున్నానని చెప్పాడు. మేనల్లుడి ఫోన్ పొద్దున కాకుండా మధ్యాహ్నం వచ్చింది. అంటే అక్కడ అర్ధరాత్రి దాటింది.

"పోతడట మామా."

"పోనీ. బాగుపడనీ."

"ఇంకొక్క ఏడాది ఉంటే ఏమైతుండె?"

నేను జవాబు చెప్పలేదు. వాడు మడికొండ వదిలి నార్మన్ పోయేటప్పుడు మా అక్క అచ్చం ఇదే మాట, ఇదే గొంతుతో, ఇదే గదిలో నన్ను అడిగింది.

ఏప్రిల్‌లో వాడికి డాలస్‌లో ఇంటర్న్‌షిప్ దొరికింది. దొరికిన వారానికి అక్క ఫోన్ చేసి, మొక్కు తీర్చాలె, తోడు రమ్మంది. ఎండలు ముదరకముందే పోదామని తెల్లవారుజామున బయల్దేరాం. కరీంనగర్ దాటేసరికి తెల్లారింది. ధర్మగుండంలో స్నానాలు అయ్యాయి. టికెట్ తీసుకున్నాం. కోడె తాడు అక్క చేతికొచ్చింది.

అది నాలుగడుగులు నడిచి ఆగింది. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ ఆగింది. ఒక పసిపిల్ల చేతిలోని అరటి తొక్క వైపు మెడ చాపింది. అక్క తాడు గట్టిగా గుంజింది. అది కాళ్లు బిగబట్టి నిలబడింది. వెనక వరుస ఆగిపోయింది. అక్కకు చెమటలు పట్టాయి. మొక్కు సరిగ్గా తీరదేమో, కొడుక్కి ఏమైనా అవుతుందేమో అన్న భయం ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"ఏందిది, నడువది?" అంది, ఎవరితోనో తెలియకుండా.

పక్కన ఇంకో కోడెను పట్టుకుని వస్తున్న ముసలాయన మా కోడె మూతి కొంచెం ఎత్తి, పెదవి మడిచి చూశాడు.

"రెండు పళ్లది బిడ్డా. ఇంక మరగలె" అన్నాడు.

అక్క కాసేపు దాని ముఖంలోకి చూసింది. చేతికి రెండు చుట్లు చుట్టుకున్న తాడును ఒక చుట్టు విప్పింది.

"అట్లనా. నిమ్మళంగనే పోదాం తియ్" అంది. నాతో కాదు.